కాలువలో ఆయిల్ తెట్టు: అది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడం ఎలా?

వంతెన మీద నుంచి కిందికి చూస్తే కాలువ నీళ్ల మీద రంగురంగుల పొర. పక్కనే ఒక మెకానిక్ షెడ్. ఇంకేముంది, దొంగ దొరికిపోయాడనిపిస్తుంది. నగరాల్లో ఆయిల్ కేసులు దారి తప్పేది సరిగ్గా ఇక్కడే. ఆయిల్ నీళ్ల మీద కనిపించిన చోటికీ, నేల మీద ఒలికిన చోటికీ మధ్య కిలోమీటర్ల పొడవున పైపులు, పాతిక మలుపులు, ఒక్కోసారి రెండు మూడు రోజుల కాలం కూడా ఉండొచ్చు. అందుకే మనిషి వెంట కాకుండా నీటి వెంట పడాలి. మనిషి అబద్ధం చెప్పగలడు. నీళ్లు పల్లానికి తప్ప మరో వైపు పోవు. (గాలి వీచినప్పుడు నీటి పైపొర కాస్త మోసం చేస్తుంది, ఆ సంగతి కింద చెప్తాను.)

కింద చెప్పినవాటిలో కొన్ని పనులు ఎవరైనా చేయొచ్చు. చూడటం, రాసుకోవడం, ఫొటోలు తీయడం అలాంటివి. మ్యాన్‌హోల్ మూత ఎత్తడం, ప్రైవేటు ఆవరణలోకి వెళ్లడం, రంగు పోసి చూడటం మాత్రం అధికారం, శిక్షణ ఉన్నవాళ్ల పని. మీరు మొదటి రకం అయితే, తెట్టు కనిపించగానే కాలుష్య నియంత్రణ అధికారులకో మున్సిపాలిటీకో ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు మూడో అడుగు వరకు పూర్తి చేసి పెట్టండి. వాళ్లకు అది ఎంత సాయమో మాటల్లో చెప్పలేం, ఎందుకంటే వాళ్లు వచ్చేసరికి సగం సాక్ష్యం కొట్టుకుపోయి ఉంటుంది.

మొదటి అడుగు: ముక్కుతో మొదలుపెట్టండి, కానీ ముక్కును నమ్మొద్దు

ఘాటుగా పెట్రోల్ వాసన వస్తుంటే అక్కడితో పరిశోధన ఆపండి. గాలి మీ వీపు వైపు నుంచి వీచే చోటికి వెనక్కి జరగండి, ఫైర్ సర్వీస్‌ను పిలవండి. పెట్రోల్ మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా అంటుకోవడానికి సరిపడా ఆవిరి ఇస్తుంది. డీజిల్‌కు అదే పని జరగాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి పైపుల్లో, గుంతల్లో పేరుకుని కూర్చుంటుంది.

ఇదేమీ పుస్తకాల భయం కాదు. మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో 1992 ఏప్రిల్‌లో జనం డ్రెయిన్లలోంచి పెట్రోల్ వాసన వస్తోందని రోజుల తరబడి మొత్తుకున్నారు. ఏప్రిల్ 22న వీధుల కింద మురుగు లైన్లు కిలోమీటర్ల పొడవున పేలిపోయాయి. 200 మందికి పైగా చనిపోయారు. ఒక పెట్రోల్ పైప్‌లైన్‌కు ఆనుకునేలా వేసిన జింకు పూత నీటి పైపు వల్ల తుప్పు పట్టి, రంధ్రం పడి, పెట్రోల్ మురుగు లైన్‌లోకి చేరింది. ఆయిల్ ఎక్కడిదని వెతికేటప్పుడు 'పక్కపక్కన ఉన్న రెండు పైపుల' గురించి ఎందుకు ఆలోచించాలో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

మ్యాన్‌హోల్‌లోకి దిగడం ఈ పనిలో భాగం కాదు. చూడాల్సిందంతా పైనుంచే చూడొచ్చు. మూత తీసే సిబ్బంది దగ్గర గ్యాస్ మీటర్ ఉండాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, మండే ఆవిరి పేలుడు పరిమితిలో (పేలడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదులో) 10 శాతానికి చేరినా వెనక్కి రావాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో ముక్కు అసలు పనికిరాదు. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఏ వాసనా తెలియదు. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు.

రెండో అడుగు: అసలు అది ఆయిలేనా?

నవ్వొచ్చే ప్రశ్నే గానీ, నిలిచిపోయిన నీళ్ల మీద ఇనుమును తిని బతికే బ్యాక్టీరియా కూడా అచ్చం ఆయిల్‌లాగే రంగుల పొర కడుతుంది. దానికి ఒక పుల్ల చాలు. పొరను పుల్లతో కదపండి. బ్యాక్టీరియా పొర అయితే పగిలిన పెంకుల్లా ముక్కలై, ఆ ముక్కలు విడివిడిగానే ఉండిపోతాయి. ఆయిల్ అయితే సుడి తిరిగి మళ్లీ ఒకటైపోతుంది. బ్యాక్టీరియా ఉన్న చోట అడుగున తుప్పు రంగు నాచు లాంటిది కూడా చాలాసార్లు కనిపిస్తుంది.

ఆయిలే అని తేలాక, ఏ రకమో ఒక అంచనా వేసుకోండి. డీజిల్ పల్చగా, చాలా వేగంగా పాకుతుంది, వాసన గుర్తుపట్టేలా ఉంటుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. లిఫ్టుల్లో, జేసీబీల్లో వాడే హైడ్రాలిక్ ఆయిల్ లేత రంగులో ఉండి పెద్దగా వాసన రాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ దాదాపు రంగు లేకుండా ఉంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్‌దని అనుమానం ఉంటే చేతితో ముట్టుకోకండి, దానిలో పీసీబీలు అనే విషపదార్థాలు ఉండే అవకాశం ఉంది. వంట నూనె చల్లబడితే తెల్లటి ముద్దలు కడుతుంది. ఇవి అంచనాలే. రిపోర్టులో 'డీజిల్' అని రాయకండి, 'డీజిల్ లాంటి వాసన, పల్చటి పొర' అని రాయండి. ల్యాబ్ వేరే మాట చెప్పిన రోజున మీ రిపోర్టు మొత్తం నమ్మకం పోకుండా ఉంటుంది.

మూడో అడుగు: మొదటి గంట నోట్‌బుక్

సమయం, ఎండా వానా, చివరిసారి వాన ఎప్పుడు పడింది, గాలి ఎటు నుంచి ఎంత, నీళ్లు ఎటు పారుతున్నాయి, ఎంత వేగంగా. ఫొటోలు తీసే ముందు ఫోన్‌లో టైమ్, లొకేషన్ సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. ప్రతి చోటా ఒకటి దూరం నుంచి (చుట్టూ గుర్తులు కనిపించేలా), ఒకటి దగ్గర నుంచి (ఏదైనా కొలత వస్తువు పెట్టి) తీయండి. సూర్యుడికి ఎదురుగా తీస్తే నీటి తళుకు తప్ప ఏమీ కనిపించదు.

నీటి వేగం కొలవడానికి యంత్రం అక్కర్లేదు. ఒక నారింజ పండో కర్ర ముక్కో వేసి, పది మీటర్లు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పది మీటర్లకు 50 సెకన్లు పడితే సెకనుకు 0.2 మీటర్లు. ఒకటిన్నర కిలోమీటరు పైన ఉన్న పైపు నుంచి వచ్చిన ఆయిల్ మీ దగ్గరకు చేరడానికి 7,500 సెకన్లు, అంటే రెండు గంటల ఐదు నిమిషాలు. తెట్టు ముందు అంచు ఏడు గంటలకు వంతెన దగ్గరకు వచ్చిందంటే, ఆ పైపులోంచి ఐదు గంటలకు కాస్త ముందు బయటపడి ఉండాలి. తెల్లవారుజామున ఐదింటికి ఆ ఏరియాలో ఎవరు పని చేస్తుంటారు? అనుమానితుల జాబితా అప్పటికప్పుడే సగమైపోతుంది.

ఇప్పుడు గాలి చేసే మోసం. నీటి మీద తేలే ఆయిల్‌ను గాలి తన వేగంలో సుమారు 3 శాతం వేగంతో నెడుతుంది. గాలి సెకనుకు 5 మీటర్లు వీస్తుంటే ఆయిల్‌కు సెకనుకు 15 సెంటీమీటర్ల తోపు. నగరాల్లో చాలా కాలువలు అంతకంటే నెమ్మదిగా పారతాయి. అంటే ఎదురుగాలికి ఆయిల్ ప్రవాహానికి ఎదురు కూడా ఈదగలదు! తెట్టు ఒక గట్టుకే అంటుకుని ఉందంటే ఆ గట్టు వాళ్లే పోశారని కాదు, గాలి అటు తోసింది, అంతే. సముద్రానికి దగ్గరగా ఉండే కాలువల్లో ఆటుపోట్లకు ప్రవాహమే దిశ మార్చుకుంటుంది. అక్కడ ఆయిల్ కింది వైపు నుంచి పైకి వచ్చి ఉండొచ్చు కూడా.

నాలుగో అడుగు: ఎంత ఉంది?

రంగును బట్టి మందం చెప్పడానికి ఉత్తర సముద్ర దేశాల బాన్ ఒప్పందం కింద తయారైన ఒక పట్టిక ఉంది. వెండి రంగు మెరుపైతే 0.04 నుంచి 0.3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇంద్రధనుస్సు రంగులైతే 0.3 నుంచి 5. లోహపు మెరుపు వస్తే 5 నుంచి 50. 50 మైక్రాన్లు దాటితేనే ఆయిల్ అసలు రంగు బయటపడటం మొదలవుతుంది.

లెక్క తేలిక. వెయ్యి చదరపు మీటర్ల మీద ఒక మైక్రాన్ మందం అంటే ఒక లీటరు. పది మీటర్ల వెడల్పు, మూడు వందల మీటర్ల పొడవు కాలువ నిండా ఇంద్రధనుస్సు పరుచుకుంటే చూసేవాళ్లకు ట్యాంకర్ బోల్తా పడినంత టెన్షన్. కానీ లెక్కేస్తే ఒక లీటరు నుంచి 15 లీటర్ల లోపే. ఆ లెక్కన మీరు వెతకాల్సింది పగిలిన పైప్‌లైన్ కోసం కాకపోవచ్చు, ఎవరో వంపేసిన ఒక డబ్బా కోసమో, కారుతున్న ఒక యంత్రం కోసమో కావచ్చు. అయితే ఈ పట్టిక బహిరంగ సముద్రం మీద విమానాల నుంచి చూడటానికి చేసింది. ఇరుకు కాలువలో గోడ పక్కన, చెత్త వెనక మందంగా పేరుకున్న ఆయిల్‌ను అది లెక్కలోకి తీసుకోదు.

ఇంకో జాగ్రత్త. అన్ని నూనెలూ తేలవు. అమెరికాలో 2010 జులైలో కలమజూ నదిలోకి ఒక పైప్‌లైన్ నుంచి పల్చన చేసిన బిటుమెన్ (తారు లాంటి చిక్కటి నూనె) ఒలికినప్పుడు, దానిలోని తేలిక భాగం ఆవిరైపోయి మిగిలినదాంట్లో కొంత భాగం అడుగుకు దిగింది. పైన నీళ్లు శుభ్రంగా కనిపించినంత మాత్రాన ఏమీ లేదని అనుకోవడానికి లేదు. అడుగు బురదను కర్రతో కెలికి చూడండి.

ఐదో అడుగు: శాంపిల్ ఇప్పుడే తీయండి, ఆలోచన తర్వాత

ఎక్కడిదో తేలాక శాంపిల్ తీద్దాంలే అనుకుంటే అప్పటికి పెట్రోల్ భాగం గాల్లో కలిసిపోతుంది, డీజిల్‌లో తేలిక భాగం కూడా తగ్గిపోతుంది. అందుకే వెతుకులాటకు ముందే తీయాలి.

ముదురు గోధుమ రంగు గాజు సీసా, లోపల టెఫ్లాన్ పొర ఉన్న మూత వాడండి. ప్లాస్టిక్ బాటిల్ వద్దు, అది ఆయిల్‌ను కొంత పీల్చుకుంటుంది, తన పదార్థాలను కొంత కలిపేస్తుంది. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని పైపొరను మాత్రమే సీసాలోకి జార్చండి. సీసాను ముంచితే లీటరు నీళ్లు, చుక్క ఆయిల్ వస్తాయి. పొర మరీ పల్చగా ఉంటే దాన్ని అద్దడానికి టెఫ్లాన్ వల దొరుకుతుంది. ఆయిల్ పీల్చే ప్యాడ్ ముక్క కూడా వాడొచ్చు గానీ, అదే ప్యాకెట్‌లోంచి వాడని ముక్క ఒకటి విడిగా ల్యాబ్‌కు పంపాలి. లేకపోతే ప్యాడ్‌లోనే ఉన్నదాన్ని మీ ఆయిల్ అనుకునే ప్రమాదం ఉంది. తెట్టుకు పై భాగంలో, శుభ్రంగా కనిపించే చోట కూడా ఒకటి తీయండి. నగర కాలువలో ఎప్పుడూ ఎంతో కొంత పాత ఆయిల్ ఉంటుంది, ఆ నేపథ్యం తెలియకపోతే కొత్తది విడదీయలేరు.

సీసా మీద చోటు, తేదీ, సమయం, తీసినవాళ్ల పేరు రాసి, సీల్ వేసి, చీకట్లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారిందో ఒక కాగితం సీసాతో పాటే తిరగాలి. కోర్టులో కేసు ఓడిపోయేది ఎక్కువగా కెమిస్ట్రీలో కాదు, ఈ కాగితంలోనే.

ఆరో అడుగు: ప్రవాహానికి ఎదురు నడక

గట్టు వెంట పైకి నడవండి. ఆయిల్ ఆగిపోయి, నీళ్లు శుభ్రంగా ఉన్న మొదటి చోటు దొరికే వరకూ ఆగొద్దు. ఆ శుభ్రమైన చోటికీ, దాని కింద మురికి మొదలైన చోటికీ మధ్యలోనే ఆయిల్ కాలువలోకి దిగింది. ఈ రెండు గుర్తులూ ఫొటోతో సహా దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఆ మధ్య భాగంలో కాలువలోకి తెరుచుకున్న ప్రతి పైపు మూతినీ చూడండి. వాన పడి రెండు మూడు రోజులైనా వాన నీటి డ్రెయిన్‌లోంచి నీళ్లు కారుతున్నాయంటే, అందులోకి ఎవరిదో నీళ్లు వస్తున్నట్టే. పైపు అడుగున నల్లటి జిడ్డు చార, గోడ మీద తడి గీత, మూతి కింద చచ్చిన గడ్డి, ఇవన్నీ ఆయిల్ అక్కడ గతంలోనూ నడిచిందని చెప్తాయి. చీకటిలో 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే పెట్రోలియం నూనెలు చాలావరకు మెరుస్తాయి. ఐతే డిటర్జెంట్లలో తెల్లదనం కోసం కలిపేవి కూడా నీలంగా మెరుస్తాయి కాబట్టి, టార్చ్‌ను దారి చూపడానికే వాడండి, రుజువుగా కాదు.

చిన్న ఆనకట్ట దగ్గర నీళ్లు సుళ్లు తిరిగితే ఆయిల్ నీళ్లలో కలిసిపోయి, కొంత దూరం పోయాక మళ్లీ పైకి తేలుతుంది. ఏమీ లేని చోట ఒక్కసారిగా తెట్టు మొదలైనట్టు కనిపిస్తే, పైన ఆనకట్ట లాంటిది ఉందేమో చూడకుండా అక్కడే పైపు కోసం తవ్వకండి.

ఏడో అడుగు: వీధి కింద

పైపు దొరికాక అసలు పని డ్రెయినేజీ మ్యాప్‌తో. ఇక్కడ మ్యాప్ మీద అతి నమ్మకం ప్రమాదం. ఎప్పుడో గీసినది, ఆ తర్వాత ఎవరు ఏ పైపు ఎక్కడ కలిపారో అందులో ఉండదు. వానల్లో ఏ మూత నుంచి నీళ్లు ఎగజిమ్ముతాయో తెలిసిన పాత లైన్‌మన్‌ను వెంట పెట్టుకోండి.

మ్యాన్‌హోళ్లను కింది నుంచి వరుసగా తెరుచుకుంటూ పోవద్దు. మధ్యలోది తెరవండి. అక్కడ ఆయిల్ ఉంటే మూలం ఇంకా పైన, లేకపోతే దానికి కింద. మిగిలిన సగంలో మళ్లీ మధ్యది. 16 మ్యాన్‌హోళ్ల లైన్ నాలుగు మూతలతో తేలిపోతుంది. శాఖలు కలిసే చోట మాత్రం సగం లెక్క వదిలేసి, కలిసే ప్రతి పైపు మూతినీ విడివిడిగా చూడాలి. ఏ పైపు నుంచి వస్తున్న నీటి దారి మీద జిడ్డు ఉందో పైనుంచి టార్చ్ వేస్తే చాలాసార్లు కనిపిస్తుంది.

శుభ్రంగా ఉన్న మ్యాన్‌హోల్ కూడా సాక్ష్యమే. దాన్నీ ఫొటో తీసి, టైమ్ రాయండి. జిడ్డు ఉన్నవాటినే రాసుకుని వచ్చేవాళ్లు తర్వాత 'ఆ పక్క లైన్ చూశారా?' అని ఎవరైనా అడిగితే బిక్కమొహం వేస్తారు.

ఎనిమిదో అడుగు: మీరు వెళ్లినప్పుడే మాయమయ్యే ఆయిల్

ఇదే అన్నిటికన్నా విసిగించేది. వారానికోసారి ఆయిల్ వస్తుంది, మీరు వెళ్లేసరికి ఏ మ్యాన్‌హోల్ చూసినా శుభ్రం. అలాంటప్పుడు 'మ్యాన్‌హోల్ శుభ్రంగా ఉంటే మూలం దానికి కిందే' అని పైన చెప్పిన సూత్రం పనిచేయదు. ఈ క్షణంలో లేదు అని మాత్రమే దాని అర్థం.

దీనికి చౌకైన కాపలాదారు ఆయిల్ పీల్చే తెల్లటి ప్యాడ్. ఇది నీటిని వదిలేసి ఆయిల్‌ను పట్టుకుంటుంది. కలయిక మ్యాన్‌హోళ్లలో ప్రతి శాఖ మూతికీ ఒక ముక్క తాడుతో కట్టి, నీటి మీద తేలేలా వేలాడదీయండి. ప్రతి ముక్కకూ నంబరు. రోజూ ఒకే సమయానికి పైకి లాగి చూడండి. రాత్రంతా మీరు నిద్రపోతున్నా అది మేలుకుని ఉంటుంది. ఏ శాఖ ప్యాడ్ నల్లబడితే ఆ శాఖలోకి వచ్చే వారం ప్యాడ్లను జరపండి. రెండు మూడు విడతల్లో ఒక వీధికి చేరుకుంటారు.

దీనితో పాటే ఒక క్యాలెండర్ నడపండి. ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ తేదీ, వారం, గంట, ముందు రోజు వాన. నాలుగైదు సార్లు రాశాక నమూనా తనంతట తనే మాట్లాడుతుంది. వాన పడిన ప్రతిసారీ వస్తుంటే ఎక్కడో ఆరుబయట నేల మీద ఒలికి ఉన్న ఆయిల్ కడుక్కుపోతోంది, లేదా నిండిపోయిన ఆయిల్ సెపరేటర్ (నీళ్లలోంచి ఆయిల్‌ను వేరు చేసే తొట్టి) పొంగుతోంది. ఎండ రోజుల్లో, అదీ ఒకే గంటకు వస్తుంటే ఎవరో షిఫ్టు అయిపోయాక నేల కడుగుతున్నారు. ఏ నమూనా లేకుండా వస్తుంటే సంప్ పంపు మీద అనుమానం పెట్టుకోండి. గుంత నిండినప్పుడల్లా దానంతట అదే ఆన్ అవుతుంది, మనుషుల టైమ్‌టేబుల్‌తో దానికి పని లేదు.

తొమ్మిదో అడుగు: ఆవరణ లోపల ఎక్కడ చూడాలి

మూడు నాలుగు ఆవరణలకు వచ్చేశారనుకుందాం. అందరూ మొదట చూసేది ఆయిల్ డ్రమ్ములు. నేనైతే ముందు సంప్ గుంతలు, వాల్వులు చూస్తాను.

హైడ్రాలిక్ లిఫ్టు ఉన్న భవనంలో లిఫ్టు గుంత అడుగు చూడండి. లీకైన హైడ్రాలిక్ ఆయిల్ అక్కడ చేరిన ఊట నీళ్ల మీద తేలుతూ, పంపు ఆన్ అయినప్పుడు నేరుగా వాన డ్రెయిన్‌లోకి వెళ్తుంది. భవనంలో ఎవరికీ ఆ సంగతి తెలియదు కూడా. జనరేటర్ ఉంటే దాని చిన్న ట్యాంకుకు డీజిల్ ఎక్కించే పంపు, ఫ్లోట్ స్విచ్ చూడండి. స్విచ్ పట్టేస్తే ట్యాంకు నిండినా పంపు ఆగదు, గాలి పైపులోంచి డీజిల్ పొంగుతుంది. పెద్ద ట్యాంకుల చుట్టూ ఒలికినది ఆపడానికి కట్టే గోడ ఉంటుంది. ఆ గోడకు వాన నీళ్లు వదలడానికి ఒక వాల్వు పెడతారు. దాన్ని తెరిచి మూయడం మరిచిపోతే ఆ గోడ కట్టినా కట్టనట్టే.

ఆయిల్ సెపరేటర్ ఉందంటే నిశ్చింత అనుకోవద్దు. అందులో ఆయిల్ పైకి తేలడానికి టైమ్ కావాలి. డిటర్జెంట్ కలిసిన నీళ్లు వస్తే ఆయిల్ సన్నటి చుక్కలుగా విడిపోయి, నీళ్లలో కలిసి దాటిపోతుంది. ఎన్నాళ్లుగా ఖాళీ చేయలేదో రికార్డు అడగండి.

భూమిలో ఉన్న ట్యాంకు అయితే పుస్తకాల లెక్క చూడాలి: వచ్చిన ఇంధనం, అమ్మినది, డిప్ రాడ్‌తో కొలిచి చూసిన మిగులు. రోజుకు పది లీటర్ల తేడా కొలత పొరపాట్లలో హాయిగా దాక్కుంటుంది. అందుకే ట్యాంకు బిగుతు పరీక్ష ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం అది గంటకు 0.1 గ్యాలన్, అంటే సుమారు 0.38 లీటర్ల లీకును పట్టగలగాలి. రోజుకు లెక్కేస్తే తొమ్మిది లీటర్లు.

మనుషులతో మాట్లాడే పద్ధతి కూడా ఉంది. 'మీరు ఏమైనా పారబోశారా?' అంటే జవాబు ఎప్పుడూ లేదనే. 'ఈ గుంతలో నీళ్లు ఎటు పోతాయండీ?' అని అడగండి. చాలామందికి నిజంగానే తెలియదు, మీతో కలిసి చూడటానికి వస్తారు. యజమాని కంటే వాచ్‌మన్‌కు, ఊడ్చేవాళ్లకు ఎక్కువ తెలుస్తుంది.

పదో అడుగు: రంగు, పొగ, కెమెరా

ఈ గుంత ఆ డ్రెయిన్‌లోనే కలుస్తుందని నిరూపించాలంటే రంగు పోయాలి. ఆకుపచ్చగా మెరిసే ఫ్లోరెసిన్, ఎర్రటి రోడమైన్ ఎక్కువగా వాడతారు. ఒకసారికి ఒక్క గుంతలోనే పోయండి. ముందు సంబంధిత అధికారులకు చెప్పండి, లేకపోతే పది నిమిషాల్లో కాలువ పచ్చగా మారిందని కొత్త ఫిర్యాదు మీ మీదే వస్తుంది. ఫ్లోరెసిన్ ఎండకు త్వరగా వెలిసిపోతుంది కాబట్టి పైపు మూతి దగ్గర మనిషి ముందే నిలబడి ఉండాలి.

రంగు చెప్పేది కలయిక ఉందని మాత్రమే. ఆ దారిలో ఆయిల్ వచ్చిందని అది చెప్పదు. పొగ పరీక్ష దొంగచాటు కనెక్షన్లను చూపిస్తుంది. పైపు కెమెరా పగుళ్లు, మధ్యలో కలిపిన పైపులు చూపిస్తుంది, కాకపోతే ఆవిరి ఉన్న పైపులోకి మామూలు కెమెరా పంపితే నిప్పురవ్వ పంపినట్టే.

పదకొండో అడుగు: ల్యాబ్ ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

ల్యాబ్‌కు కాలువ ఆయిల్ ఒక్కటే పంపితే 'ఇది డీజిల్' అని చెప్తారు. ఎవరిదో చెప్పాలంటే పోల్చడానికి అనుమానిత చోట్లన్నిటి నుంచీ శాంపిళ్లు కావాలి. మీకు బాగా అనుమానం ఉన్న ఒక్క చోటు నుంచి మాత్రమే తెస్తే, అది పరీక్ష కాదు, తీర్పుకు సంతకం అడగడం.

గ్యాస్ క్రొమటోగ్రఫీ (నూనెలోని పదార్థాలను విడదీసి గ్రాఫ్‌లో చూపే పరీక్ష)లో డీజిల్ సుమారు 10 నుంచి 25 కార్బన్ల మధ్య వరుస శిఖరాలుగా కనిపిస్తుంది. లూబ్రికెంట్ ఆయిల్ ఇంకా బరువైన వైపు, శిఖరాలు లేని ఒక గుట్టలా వస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ జోడిస్తే హోపేన్లు, స్టెరేన్లు లాంటి అణువుల నిష్పత్తులు చూడొచ్చు. ఇవి కోట్ల ఏళ్ల కిందటి జీవాల అవశేషాలు, ఎండకూ బ్యాక్టీరియాకూ అంత తేలికగా లొంగవు. అందుకే ఆయిల్ కొంత పాతబడినా వేలిముద్ర మిగులుతుంది. యూరప్ పద్ధతిలో ఫలితం నాలుగు మాటల్లో ఒకటిగా వస్తుంది: సరిపోలింది, బహుశా సరిపోలింది, తేల్చలేం, సరిపోలలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకే డిపో నుంచి ఒకే లోడు డీజిల్ నింపుకున్న రెండు బంకుల డీజిల్‌ను ఏ ల్యాబ్ కూడా విడదీయలేదు. అక్కడ పైపుల సాక్ష్యమే దిక్కు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. రకరకాల బండ్ల నుంచి ఒక డ్రమ్ములో కలిసిన ఆ మిశ్రమం ఇంకో డ్రమ్ములో అచ్చంగా అలాగే రావడం కష్టం.

పైపే లేకపోతే?

గట్టు గోడ పగుళ్లలోంచో, రాళ్ల సందుల్లోంచో ఆయిల్ ఊరుతుంటే, అది భూగర్భజలం మీద తేలుతూ వస్తోంది. న్యూయార్క్‌లోని న్యూటౌన్ క్రీక్‌లో 1978లో కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ ఇలాంటి తెట్టునే గమనించింది. దశాబ్దాలుగా రిఫైనరీలు, నిల్వ ట్యాంకుల నుంచి కారి గ్రీన్‌పాయింట్ ప్రాంతం కింద పేరుకుపోయిన ఆయిల్ 1.7 కోట్ల గ్యాలన్లు, అంటే 6.4 కోట్ల లీటర్లకు తక్కువ కాదని తర్వాత అంచనా వేశారు. ఇలాంటి చోట ఈ రోజు పక్కనున్నవాళ్లను ప్రశ్నించి లాభం లేదు. ఆ స్థలంలో యాభై ఏళ్ల కిందట ఏముండేదో పాత మ్యాపుల్లో చూడాలి, గట్టుకు లోపల పరిశీలన బావులు తవ్వి ఏ బావిలో ఆయిల్ పొర మందంగా ఉందో చూస్తూ వెనక్కి పోవాలి. నీటిమట్టం తగ్గినప్పుడు ఊట బాగా కనిపిస్తుంది, ఆటు సమయంలో వెళ్లండి.

మూలం మూసేశాక

వాల్వు మూసేశారు, పంపు ఆపేశారు. మర్నాడు కాలువలో మళ్లీ ఆయిల్ కనిపిస్తుంది, అందరూ మీ వంకే చూస్తారు. కంగారు పడకండి. పైపు గోడలకు, మలుపుల్లో పేరుకున్న బురదకు పట్టిన ఆయిల్ రోజుల తరబడి కారుతూనే ఉంటుంది. లైన్ కడిగించి, కడిగిన నీళ్లు కాలువలోకి పోకుండా కిందనే పంపుతో ఎత్తించాలి. ఆ తర్వాత అవే మ్యాన్‌హోళ్లలో, అవే నంబర్లతో కొత్త ప్యాడ్లు కట్టండి. కనీసం ఒక గట్టి వాన పడే వరకు ఉంచండి. ఆ వాన తర్వాత లాగి చూసినప్పుడు అన్ని ప్యాడ్లూ తెల్లగా వస్తే ఫైల్ మూసేయొచ్చు. ఒక్కటి నల్లబడితే, రెండో మూలం ఏ శాఖలో ఉందో దాని నంబరే చెబుతుంది.